పంపు కంటే ముందు గొట్టం, గొట్టం కంటే ముందు కుళాయి

సంక్రాంతి వెళ్ళగానే ఈ శీర్షికకి మేపుల్ ఉత్తరాలు మొదలవుతాయి. మేపుల్ చెట్టు కాండానికి రంధ్రం చేసి కుళాయి పెడితే తియ్యని రసం కారుతుంది, దాన్ని కాచి సిరప్ చేస్తారు. స్థలంతో పాటు చెట్లు వచ్చాయి, రసం తీద్దామని ఉంది, ఏం కొనమంటారు అని అడుగుతారు. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం కుళాయిల గురించి, వాక్యూమ్ గురించి, అంటే గొట్టంలో గాలి ఒత్తిడి తగ్గించి రసం ఎక్కువగా వచ్చేలా చేయడం గురించి. మేముండేది ఉత్తర వెర్మాంట్‌లో. కొండవాలులో ఒక పక్క పంపుతో, ఇంకో పక్క పంపు లేకుండా రసం తీస్తాం కాబట్టి రెండింటి కష్టసుఖాలూ నాకు తెలుసు. తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, న్యూ హాంప్‌షైర్‌లో వైట్ మౌంటెన్స్‌కి ఉత్తరాన మాకు కొంచెం కొండవాలు ఉంది. 60 దాకా షుగర్ మేపుల్ చెట్లు ఉన్నాయి. కరెంటు లేదు. షాపులో నాలుగు రకాల కుళాయిలు చూపించి, జనరేటర్‌తో నడిచే వాక్యూమ్ పంపు కూడా తీసుకోమన్నారు. ఏది కొనాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. (నాషువా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పంపు కొనకండి. మీకు వాలు ఉంది, అది చాలు.

3/16 అంగుళాల సన్న గొట్టం అడగండి. అంత సన్నని గొట్టంలో రసమూ గాలీ ఒకదాన్ని ఒకటి దాటుకుని పోలేవు. రసం గొట్టం నిండా పట్టి కిందికి దిగుతుంది. దిగే రసం బరువుకి పైన వాక్యూమ్ పుడుతుంది. లెక్క తేలిక: ఒక్కో అడుగు దిగుడుకి సుమారు 0.88 పాదరసం అంగుళాలు (వాక్యూమ్‌ని కొలిచేది ఈ అంగుళాల్లోనే). 30 అడుగులు దిగితే 26 దాకా వస్తుంది. మంచి పంపు ఇచ్చేది కూడా ఇంచుమించు అంతే. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి అండర్‌హిల్‌లో ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన టిమ్ విల్మాట్ ఈ పద్ధతిని పరీక్షించి చిన్న తోటలవాళ్ళకి అందించారు. కరెంటు లేని వాలు మీద చెట్లున్నవాళ్ళందరికీ ఆయన చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఒక కుళాయి దగ్గర ఎంత వాక్యూమ్ వస్తుందన్నది ఆ కుళాయికి కింద ఎంత దిగుడు ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది, పైన ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు. మీ పై చెట్టు ట్యాంకు కన్నా 40 అడుగుల ఎత్తులో, చివరి చెట్టు 5 అడుగుల ఎత్తులో ఉన్నాయనుకోండి. పై చెట్టుకి వాక్యూమ్ బ్రహ్మాండంగా అందుతుంది, చివరి చెట్టుకి దక్కేది సుమారు 4 అంగుళాలే. అదే ట్యాంకుని ఇంకో 20 అడుగులు దిగువకి జరిపితే చివరి చెట్టుకి 22 అంగుళాలు వస్తుంది. చెట్లు అయిపోయాయి కదా అని గొట్టం అక్కడే ఆపేయకండి. దారి దగ్గరగా ఉందని ట్యాంకుని వాలు మధ్యలో పెట్టేవాళ్ళున్నారు. మోసే శ్రమ కొంచెం తగ్గుతుంది గానీ రసం చాలా పోతుంది.

ఒక్కో గొట్టం మీద 20, మహా అయితే 25 కుళాయిలు. అంతకు మించితే రసం బాగా వచ్చే రోజున గొట్టం చాలదు. మీ 60 చెట్లకి మూడు వరుసలు వేయండి. గొట్టం ఎక్కడా వేలాడకుండా, పైకి లేవకుండా బిగువుగా లాగి కట్టాలి. ప్రతి కుళాయి నుంచి గొట్టం దాకా ఉండే చిన్న ముక్కని డ్రాప్‌లైన్ అంటారు. దాన్ని 30 అంగుళాలకి తగ్గించకండి. పొదుపని పొట్టిగా కోస్తే వచ్చే ఏడు రంధ్రం చోటు మార్చడానికి గొట్టం అందదు. అప్పుడు పాత రంధ్రం పక్కనే మళ్ళీ తొలుస్తారు. పాత రంధ్రానికి పైనా కిందా ఉన్న చెక్కని చెట్టు మూసేసుకుంటుంది. అక్కడ తొలిస్తే రసం రాదు, చెట్టుకి గాయం మాత్రం మిగులుతుంది.

ఇక కుళాయి సంగతి. ఇక్కడివాళ్ళు దీన్ని స్పౌట్ అంటారు. మీకు చూపించినవాటిలో 7/16 అంగుళాల లావుపాటివి పాతకాలపు బకెట్లకి వాడినవి. వాటిని వదిలేయండి. 5/16 సైజువి తీసుకోండి. రంధ్రం చిన్నది, గాయం త్వరగా పూడుతుంది, రసం ఇంచుమించు అంతే వస్తుంది. చెట్టు వైపు 5/16, గొట్టం వైపు 3/16 ఉండే స్పౌట్లు దొరుకుతాయి, మీకు కావలసినవి అవే. లోపల చిన్న బంతి ఉండి రసాన్ని వెనక్కి పోనివ్వని చెక్‌వాల్వ్ స్పౌట్లు కూడా ఉన్నాయి. మంచివే, కానీ మొదటి ఏడు మీకు అవసరం లేదు. కొత్త ప్లాస్టిక్ స్పౌట్లు వేసుకుని ప్రతి సీజన్‌కీ మార్చండి. కిందటేటివి పైకి శుభ్రంగానే కనపడతాయి, కడిగితే చాలనిపిస్తుంది. వాటి లోపలి గరుకుల్లో సూక్ష్మజీవులు కూర్చుని ఉంటాయి, కొత్త రంధ్రంలోకి నేరుగా అవే వెళ్తాయి. మొత్తం ఖర్చులో స్పౌట్ అన్నిటికన్నా చవక. అక్కడ మిగిల్చే డబ్బు కన్నా పోయే రసం విలువ ఎక్కువ.

తొలిచేటప్పుడు పదునైన, మేపుల్‌కే వాడే డ్రిల్ బిట్ వాడండి. లోతు ఒకటిన్నర అంగుళం. రాలే పొట్టు పాలమీగడ రంగులో ఉండాలి. గోధుమరంగు పొట్టు వస్తే అది చచ్చిన చెక్క. బయట మరీ గడ్డకట్టి ఉన్నరోజున స్పౌట్ కొట్టకండి, చెట్టు చీలుతుంది. తేలిక సుత్తితో మెల్లగా కొడుతుంటే ఒకచోట శబ్దం బరువుగా మారుతుంది. అక్కడే ఆపేయండి. ఇంకో దెబ్బ వేశారా, చెక్క నెర్రె విచ్చి గాలి లోపలికి దూరుతుంది, మీ 22 అంగుళాల వాక్యూమ్ ఆ నెర్రెలోంచే పోతుంది.

3/16 గొట్టానికి ఒక లోపముంది, దాన్ని దాచకూడదు. రెండు మూడు సీజన్లకి గొట్టం అతుకుల్లో జిగురులాంటి పాచి పట్టి దారి మూసుకుపోతుంది, దిగుబడి పడిపోతుంది. సీజన్ అవగానే కాల్షియం హైపోక్లోరైట్ కలిపిన నీళ్ళు గొట్టం నిండా పోసి, కొన్ని గంటలు ఉంచి ఖాళీ చేయాలి. మరుసటి సీజన్‌లో మొదట వచ్చే రసాన్ని నేల మీద వదిలేయాలి. బజారులో దొరికే మామూలు బ్లీచ్ సోడియంది. ఆ ఉప్పు రుచికి ఉడతలు గొట్టాలన్నీ కొరికిపెడతాయి.

ప్రశ్న: అమ్మా, మాది భువనగిరి దగ్గర పల్లె. మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చాను. పెరట్లో మేపుల్ చెట్టుకి కుళాయి పెడదామంటున్నాడు. మా వైపు నీరా కోసం లొట్టి లోపల సున్నం రాస్తారు, పులవకుండా. ఈ బకెట్‌కీ సున్నం రాస్తే సరిపోదా? (ఒక పెద్దాయన)

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. తాటిచెట్లు ఎక్కేవాళ్ళని చూసిన కళ్ళతో మేపుల్ చెట్టుని చూస్తే విషయం తొందరగా బోధపడుతుంది.

సున్నం వద్దండీ. తాటి నీరాలో చక్కెర 10 శాతం పైనే ఉంటుంది, మన ఎండకి గంటల్లో పులుస్తుంది. అందుకే సున్నం అక్కడ అవసరం. మేపుల్ రసంలో చక్కెర 2 శాతం అటూ ఇటూ. వచ్చేది రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో. చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లో కాచేస్తే పులవదు. బకెట్‌ని నీడలో ఉంచడం, పక్కన మంచు పోగు చేయడం, ఎండ ముదిరితే ఆరోజే కాచేయడం, అంతే. సున్నం కలిస్తే సిరప్ రుచి చెడుతుంది.

కానీ మీరు అడగని ఒక తేడా నాకు ముఖ్యంగా తోస్తోంది. గీత కార్మికులు తాటి గెల కొసని రోజూ కత్తితో పలచగా చెక్కుతారు కదా. ప్రతి పూటా కొత్త కోత పడుతుంది, దారి మళ్ళీ తెరుచుకుంటుంది. మేపుల్‌కి ఆ వీలు లేదు. సీజన్ మొదట్లో ఒక్కసారి తొలుస్తాం, ఆ రంధ్రంతోనే ఆరేడు వారాలు గడపాలి. మధ్యలో లోపల గీకి తాజా చేయకూడదు, మళ్ళీ తొలవకూడదు. రంధ్రంలోకి సూక్ష్మజీవులు చేరితే చెట్టు ఆ దారిని మూసేస్తుంది, రసం ఆగిపోతుంది. అందుకే మొదటి రోజు శుభ్రతే సీజన్ మొత్తానికీ ఆధారం. కొత్త స్పౌట్, కడిగిన బిట్, చేత్తో తాకని కొస. రంధ్రంలో నోటితో ఊది పొట్టు బయటికి తీసే అలవాటు కొందరికి ఉంది. అది మాత్రం మీ అబ్బాయిని చేయనివ్వకండి.

ప్రశ్న: మిషిగన్‌లో మాది చదునైన నేల. 150 కుళాయిలకి చెట్లున్నాయి, షుగర్ మేపుల్, రెడ్ మేపుల్ కలిపి. షెడ్డుకి కరెంటు ఉంది. దగ్గర్లో ఒకాయన పాత డెయిరీ వాక్యూమ్ పంపు చవగ్గా ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? లేక 12 వోల్టుల డయాఫ్రం పంపు చాలా? (ఆన్ ఆర్బర్ నుంచి)

జవాబు: ఈ రెండు పంపులు పనిచేసే తీరు వేరు. ముందు అది చూద్దాం.

డయాఫ్రం పంపులోంచి రసమూ గాలీ రెండూ కలిసే వెళ్తాయి. మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు, గొట్టం తగిలించి స్విచ్ వేయడమే. 20 అంగుళాలకి పైనే లాగుతుంది. దానికి కావలసింది తడి. రసం తక్కువగా వచ్చే వేళల్లో పొడిగా తిరిగితే లాగే బలం తగ్గుతుంది కాబట్టి ట్యాంకు నుంచి కొద్దిగా రసం మళ్ళీ పంపులోకి వచ్చేలా ఒక సన్న గొట్టం పెడతారు. లోపల రసం గడ్డకడితే పంపు తల పగులుతుంది. దాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి చిన్న బల్బు వెలిగించండి, లేదా రాత్రి ఖాళీ చేయండి.

డెయిరీ పంపు అంటే వేన్ పంపు. అది గాలిని మాత్రమే లాగాలి, లోపలికి రసం పోతే పాడవుతుంది. అందుకని పంపుకీ గొట్టాలకీ మధ్య రిలీజర్ అనే పాత్ర కావాలి. వాక్యూమ్‌లోంచి రసాన్ని బయటికి వదిలేది అదే. దాని తర్వాత తేమని ఆపే ట్రాప్ కావాలి. ఈ రెండింటి ధర అడిగాక పంపు చవకన్న మాట ఎవరికీ గుర్తుండదు. పైగా డెయిరీ పంపులు 15 అంగుళాల దగ్గర నడవడానికి చేసినవి. నూనె చల్లబరిచే ఏర్పాటు లేకుండా పైకి నెడితే వేడెక్కి అరిగిపోతాయి. పెద్ద తోటలవాళ్ళు వాడే లిక్విడ్ రింగ్ పంపులు, నూనె లేని క్లా పంపులు 25 నుంచి 28 దాకా తీస్తాయి గానీ 150 కుళాయిలకి అవి అనవసరం. 100 కుళాయిలకి నిమిషానికి ఒక ఘనపు అడుగు గాలి లాగే శక్తి చాలన్నది ఇక్కడి లెక్క.

నా మాట: రెండు డయాఫ్రం పంపులు తీసుకుని చెట్లని రెండు భాగాలు చేయండి. ఒకటి ఆగినా సగం తోట నడుస్తుంది. 500 కుళాయిల దాకా పెంచాలని గట్టిగా అనుకుంటే అప్పుడు వేన్ పంపు, రిలీజర్ సంగతి చూద్దాం.

మీ అసలు సమస్య పంపు కాదు, చదునైన నేల. సన్న గొట్టం మీకు పనికిరాదు, దిగుడు లేదు కాబట్టి. చెట్ల మధ్య 5/16 గొట్టాలు, అవన్నీ కలిసే ముప్పావు అంగుళం మెయిన్‌లైన్ వేయండి. మెయిన్‌లైన్ కోసం ముందు ఇనుప తీగ బిగించి, దాని మీద గొట్టం కట్టాలి. 100 అడుగులకి కనీసం 2 అడుగుల వాలు ఇవ్వండి. మీ వరుస 200 అడుగులైతే దూరపు కొసన తలెత్తులో మొదలై షెడ్డు దగ్గరికి వచ్చేసరికి 4 అడుగులు దిగాలి. నేల ఇవ్వని వాలు తీగతో తెచ్చుకోవాలన్నమాట. మధ్యలో గొట్టం వేలాడితే అక్కడ రసం గుంటలా నిలుస్తుంది, వాక్యూమ్ ఆ గుంట దాటి పోదు. ఒక్కో 5/16 గొట్టానికి ఐదు కుళాయిలు మంచిది, పది దాటనే కూడదు.

తర్వాత ఒక వాక్యూమ్ గేజ్ కొనండి. పంపు దగ్గర పెట్టడానికి కాదు, చిట్టచివరి చెట్టు దగ్గర పెట్టడానికి. పంపు దగ్గర 24 చూపించి చివర 15 చూపిస్తే మధ్యలో 9 అంగుళాలు కారిపోతోందని అర్థం. ప్రాక్టర్ కేంద్రం వాళ్ళ కొలతల ప్రకారం ఒక్కో అంగుళం వాక్యూమ్‌కి రసం 5 నుంచి 7 శాతం పెరుగుతుంది. తొమ్మిది అంగుళాలంటే ఎంత నష్టమో చూడండి. పెద్ద పంపు కొన్నా ఆ లీకు అలాగే ఉంటుంది. వరుస వెంట నడవండి. గొట్టంలో బుడగలు తాపీగా కదులుతుంటే అది చెట్టులోంచి వచ్చే గాలి, మామూలే. రసం చిన్నచిన్న బుడగలతో ఉరుకుతుంటే ఆ పైన ఎక్కడో లీకుంది. చెవి పెడితే సన్నగా ఈల వినిపిస్తుంది. సగం చోట్ల ఉడత పళ్ళ గాట్లే, మిగతావి వదులుగా ఉన్న స్పౌట్లు. మా ఆయన ఈ నడక కోసమే సీజన్‌లో సెలవులు పెడతారు. అంత ఓపికతో వెతికేవాళ్ళకే వాక్యూమ్ ఫలితం కనపడుతుంది.

ఇంకో మాట, సాయంత్రం చల్లబడగానే పంపు ఆపేయకండి. గడ్డకట్టే ముందు చెట్టు రసాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. గొట్టంలో ఉన్న సూక్ష్మజీవులు కూడా దాంతో పాటే రంధ్రంలోకి పోతాయి. గొట్టాలు గడ్డకట్టేదాకా పంపు నడవనివ్వండి. మీలా పంపు పెట్టేవాళ్ళకి చెక్‌వాల్వ్ స్పౌట్ల మీద పెట్టే ఖర్చు దండగ కాదు, అవి కూడా ఒక్క సీజన్‌కే.

బకెట్ పెడితే కుళాయికి సీజన్ మొత్తం మీద 10 గ్యాలన్ల రసం మామూలు. బిగువైన గొట్టాలు, మంచి వాక్యూమ్ ఉంటే 20, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. మీ రెడ్ మేపుల్స్‌లో చక్కెర కొంచెం తక్కువ. 86ని చక్కెర శాతంతో భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కి ఎన్ని గ్యాలన్ల రసం కావాలో తెలుస్తుంది. 2 శాతమైతే 43, ఒకటిన్నర అయితే 57. పంపు కన్నా ముందు కాచే పొయ్యి, కట్టెలు లెక్క వేసుకోండి. రసం రెట్టింపు వచ్చి కాచలేక పారబోసుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రశ్న: బ్రాంప్టన్‌లో మా ఇంటి ముందొకటి, వెనక రెండు మేపుల్ చెట్లున్నాయి. నార్వే మేపుల్ అని చెప్పారు. పిల్లలకి చూపించడానికి చిన్న వాక్యూమ్ పెట్టొచ్చా?

జవాబు: మూడు చెట్లకి వాక్యూమ్ ఎందుకండీ. బకెట్ పెట్టండి, పిల్లలకి చుక్క చుక్కగా పడేది కనపడుతుంది. నార్వే మేపుల్ రసం కూడా పనికొస్తుంది, చక్కెర కాస్త తక్కువ. స్టెయిన్‌లెస్ స్టీల్ 5/16 స్పౌట్లు తీసుకుంటే ఏటా నీళ్ళలో మరగబెట్టి వాడుకోవచ్చు. బకెట్ ఆహారానికి వాడే రకమై ఉండాలి, మూత ఉండాలి. పాతసామాన్ల అంగట్లో అందంగా కనిపించే పాత రేకు బకెట్లని అలంకారానికి ఉంచుకోండి. వాటి పూతలో, అతుకుల్లో సీసం ఉండొచ్చు. పిల్లలు తాగేదాంట్లో ఆ రిస్క్ వద్దు. ఇంటి ముందు చెట్టు రోడ్డు పక్కదైతే అది నగరపాలక సంస్థది కావచ్చు, అడగకుండా తొలవకండి. కాచడం మాత్రం బయటే. వంటింట్లో 40 వంతుల నీటిని ఆవిరి చేస్తే గోడల మీద కాగితం ఊడి వస్తుంది.

ప్రశ్న: వాక్యూమ్ పెట్టడమంటే చెట్టు రక్తం పీల్చడమేనని మా పొరుగావిడ అంటున్నారు. మనసు పీకుతోంది. నిజమేనా? (మాంట్‌పీలియర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ మనసు పీకడం మంచిదే. చెట్టు గురించి ఆ మాత్రం బెంగ ఉన్నవాళ్ళే చెట్టుని బాగా చూసుకుంటారు. కానీ ఆవిడ చెప్పింది నిజం కాదు. మేపుల్ రసం కదిలేది రాత్రి గడ్డకట్టి పగలు కరగడం వల్ల. గడ్డకట్టినప్పుడు చెక్కలోని గాలి నొక్కుకుంటుంది, కరిగినప్పుడు విచ్చుకుని రసాన్ని తోస్తుంది. పంపు చేసేది బయటి ఒత్తిడి తగ్గించడం, ఆ తోపుకి అడ్డు తీయడం. ప్రాక్టర్ కేంద్రంలో చెట్లు కోసి చూశారు. వాక్యూమ్ పెట్టిన చెట్టులో గాయం, పెట్టని చెట్టులో గాయం ఒకే అంతగా ఉన్నాయి. రసంలో చక్కెర శాతం కూడా పలచబడలేదు.

చెట్టుకి హాని చేసేవి వేరే ఉన్నాయి. సన్న చెట్టుకి కుళాయి పెట్టడం, ఒక్క చెట్టుకి ఎక్కువ కుళాయిలు పెట్టడం, ఏటా అదే చోట తొలవడం. ఛాతీ ఎత్తులో కాండం అడ్డంగా 10 అంగుళాలు లేకపోతే ముట్టుకోకండి, 12 ఉంటే ఇంకా మేలు. 18 దాటితే రెండో కుళాయి పెట్టొచ్చంటారు. నేను మా వాక్యూమ్ చెట్లకి ఎంత పెద్దవైనా ఒక్కటే పెడతాను, అదే సరిపోతోంది. ఆకురాల్చే పురుగు పట్టిన ఏడాది, కరువు వచ్చిన ఏడాది ఆ చెట్లని వదిలేయండి.

మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక రసం రుచి మారుతుంది, సిరప్ వాసన చెడుతుంది. అప్పుడు ఇంకొన్ని గ్యాలన్ల కోసం ఆశపడకుండా స్పౌట్లన్నీ పీకేయండి. రంధ్రానికి మైనం, మేకు, చెక్క బిరడా ఏదీ పెట్టకండి. చెట్టు దాన్ని తనంతట తానే మూసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకి 5/16 రంధ్రం ఒకటి రెండేళ్ళలో పూడాలి. మూడో ఏడు కూడా తెరిచే ఉంటే ఆ చెట్టుకి కుళాయి మానేయండి.